ఫ్లోరైడు ఊళ్లలో ఆరోగ్య ప్రచారం: ఏమి లెక్కించాలి, ఎప్పుడు లెక్కించాలి

మా ప్రాంతంలో ఒక ఆరోగ్య ప్రచార కార్యక్రమం ముగిసిందంటే, దాని నివేదికలో ఏముంటుందో చదవకుండానే చెప్పవచ్చు. ఎన్ని గ్రామసభలు జరిగాయి, ఎన్ని కరపత్రాలు పంచారు, ర్యాలీలో ఎంతమంది బడిపిల్లలు నడిచారు అన్న అంకెలూ, చివరన బ్యానరు పట్టుకుని నిలబడిన ఫొటోలూ ఉంటాయి. అనుకున్న పని జరిగిందా లేదా అని తెలుసుకోవడానికి ఇవి కావలసినవే. అయితే ఇవి కార్యక్రమం నడిచిన తీరును చెబుతాయి తప్ప ఎవరి ఆరోగ్యం ఎంత మారిందో చెప్పవు. నీటిలో ఎక్కువైన ఫ్లోరైడు పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ వంటి నిదానమైన జబ్బు విషయంలో ఈ రెండింటికీ మధ్య ఏళ్ల దూరం ఉంటుంది.

మన దేశంలో ఈ జబ్బును శాస్త్రీయంగా తొలిసారి నమోదు చేసింది 1937లో, నెల్లూరు జిల్లాలోనే. తర్వాత ప్రకాశంలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే; 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరాయి. ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు, తొలి విడతకు ఎంపికైన జిల్లాలలో నెల్లూరు ఒకటి. జబ్బును గుర్తించడానికీ కార్యక్రమం రావడానికీ మధ్య ఏడు దశాబ్దాలు గడిచాయి కనుక, వచ్చిన కార్యక్రమాన్నైనా సరిగా తూచి చూడమని అడగడం అత్యాశ కాదని నా అభిప్రాయం.

ప్రణాళిక విషయంలో అమెరికా ఆరోగ్య విద్యా నిపుణుడు లారెన్స్ గ్రీన్ 1970లలో రూపొందించిన ప్రిసీడ్ పద్ధతి నాకు ఉపయోగకరంగా తోస్తుంది. అది కరపత్రంతో మొదలుకాదు. ప్రజలు తమ బతుకులో దేన్ని కష్టంగా చెప్పుకుంటున్నారో అక్కడ మొదలై, దాని వెనుకనున్న జబ్బుకూ, ఆ జబ్బు వెనుకనున్న అలవాట్లకూ పరిసరాలకూ వెనక్కి నడుస్తుంది. ఆ అలవాటు వైపు మనిషిని మొగ్గేలా చేసేవి, దానికి వీలు కల్పించేవి, దాన్ని నిలబెట్టేవి అని కారణాలను మూడు తెగలుగా విడదీస్తుంది. ఫ్లోరైడుకు రుచీ వాసనా లేవు కనుక బోరు నీరు తేటగా ఉంటే మంచిదేనన్న నమ్మకం మొదటి తెగకు చెందినది. కాచితే దోషం పోతుందన్న నమ్మకమూ అటువంటిదే; నిజానికి కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. మంచినీటి క్యాను ధర, నీటి శుద్ధి ప్లాంటు ఇంటికి ఎంత దూరం అన్నవి రెండవ తెగ. ఇంట్లో పెద్దల మాట, ఇరుగుపొరుగుల వాడుక మూడవది. కరపత్రం పనిచేసేది మొదటి తెగ మీద మాత్రమే.

క్యాను నీళ్లు కొనే ఇంట్లో కూడా అన్నం, పప్పు ఏ నీటితో వండుతున్నారని అడగకపోతే సర్వే సగంలో ఆగినట్టే. తాగడానికి క్యాను, ఎసరుకు బోరు నీరు అన్న ఏర్పాటు ఖర్చు దృష్ట్యా సహజం. బియ్యం, పప్పు ఆ నీటిని పీల్చుకుంటాయి కనుక ఫ్లోరైడు కంచంలోకి వస్తూనే ఉంటుంది. అందుచేత 'మీరు శుద్ధమైన నీరు తాగుతున్నారా' అన్న ప్రశ్నకు వచ్చే 'అవును' అనే జవాబును నేను ఫలితంగా లెక్కించను. బిందెలోని నీటినీ, వంటకు తీసిన నీటినీ విడివిడిగా పరీక్షించాలి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం. వేరే వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి ఉంది.

ఇక కాలం సంగతి. ముందరి శాశ్వత దంతాల ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, బిడ్డ పుట్టిన కొద్ది నెలలకు ఏర్పడడం మొదలై దాదాపు నాలుగైదేళ్ల వయసుకు పూర్తవుతుంది; ఫ్లోరైడు పళ్లను పాడుచేసేది ఆ పొర ఏర్పడే కాలంలోనే. ఆ పళ్లు బయటపడేది ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య. అంటే ఈ ఏడు ఊరికి మంచినీరు వస్తే, దాని మేలు కనిపించవలసింది ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల పళ్ల మీద కాదు, ఇప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లల పళ్ల మీద. రెండేళ్ల నిధులతో నడిచే కార్యక్రమం చివర అయిదో తరగతి పిల్లల పళ్లు చూసి 'మార్పు లేదు' అని రాస్తే అది కార్యక్రమం చేతగానితనం కాదు, కొలిచినవారి తొందర. పెద్దల ఎముకల్లో ఒకసారి స్థిరపడిన వైకల్యం తిరిగి సర్దుకోదు కనుక అదీ తొలి ఏళ్ల కొలమానం కాజాలదు. ఆ ఏళ్లలో చూడదగినవి ఇంటి నీరు, మూత్రంలోని ఫ్లోరైడు.

మూత్ర పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. నీరు మారితే మూత్రంలో ఫ్లోరైడు తగ్గాలి. ఎముకల్లో నిల్వ ఉన్నది మెల్లగా విడుదలవుతుంది కనుక ఆ తగ్గుదల నిదానంగానే ఉంటుంది. కానీ చింతపండు తినిపిస్తే శరీరం నుంచి ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పిల్లల మీద జరిపిన అధ్యయనంలో గమనించారు. అటువంటి ఆహార సలహా ఇచ్చిన చోట మూత్రంలో అంకె పెరగడమే మేలు. నీటి మార్పు, ఆహార సలహా రెండూ ఒకే నెలలో మొదలుపెట్టి, ఏడాది తర్వాత ఒక్క మూత్ర పరీక్షతో తీర్పు చెప్పబోతే ఆ అంకెకు అర్థం చెప్పగలిగేవారు ఉండరు. దేన్ని ముందు, దేన్ని తర్వాత మొదలుపెట్టాలో ప్రణాళికలోనే తేల్చుకోవాలి.

పోలికకు కార్యక్రమం లేని ఊరు ఒకటి కావాలి. దర్శి వైపు సాగర్ కుడి కాలువ నీరు ఉంది. కాలువ నీరు అందే ఊరిని, బోర్లే దిక్కైన మెట్ట ఊరితో పోల్చడం న్యాయం కాదు. తొలి కొలత, మలి కొలత ఒకే రుతువులో జరగాలి. మే నెల ఎండల్లో తాగినంత నీరు మనిషి డిసెంబరులో తాగడు.

అనుకోని ఫలితాలకు నివేదికలో చోటు ఉంచాలనడానికి నెల్లూరు జిల్లా కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1990ల తొలినాళ్లలో ఇక్కడ నడిచింది అక్షరాస్యత ఉద్యమం. అక్షరాలు నేర్చిన వారి సంఖ్యే దాని కొలమానం. రాత్రి బడుల్లో కూర్చున్న దూబగుంట అనే ఊరి స్త్రీలు సారా దుకాణం మూయించారు, ఆ కదలిక జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరాస్యుల పట్టికలో దీనికి గడి లేదు. అందుకే నేను చూసే ప్రతి ప్రణాళికలోనూ, అంకెల పట్టికతోపాటు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు నెలనెలా నాలుగు వాక్యాలు రాసే నోటుపుస్తకం ఒకటి ఉండాలని అడుగుతాను. దానికయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ ఖరీదు కూడా ఉండదు.

పళ్ల పరీక్షకు కావలసిన ఏడెనిమిదేళ్లు ఏ పథకమూ నిధులివ్వదన్న అభ్యంతరం ఉంది. బడి ఆరోగ్య పరీక్షల్లో రెండో తరగతి పిల్లల ముందరి పళ్ల స్థితిని ఏటా ఒక గడిలో నమోదు చేయిస్తే వేరే నిధుల అవసరం పెద్దగా రాదు. ఆ పిల్ల ఏ ఏడు పుట్టింది, అప్పుడు ఇంట్లో ఏ నీరు వాడేవారు అన్న రెండు వివరాలు పక్కనే రాయించడం మాత్రం మరువరాదు.