‘సిన్స్ టెన్ ఇయర్స్’ అన్నందుకు క్లాసంతా నవ్వింది – నా అనుభవం

మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో లెక్కలు చూస్తాను. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు పద్దులు రాసినన్నాళ్లూ ఇంగ్లీషుతో పనే పడలేదు. ఇప్పుడు తేజా రకం మిర్చి కంటైనర్ ఎక్కడుందో, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకి సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు) ఎప్పుడు పంపామో నేనే మెయిల్ పెట్టాలి. చదివింది తెలుగు మీడియం బీకాం. గ్రామర్ మొదట్నుంచీ ఓసారి తిరగేద్దామని బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరాను. పేరు రాయను. బోర్డు మీద ‘30 రోజుల్లో అనర్గళంగా’ అని ఉంటుంది, అంతే.

నౌన్లు, ప్రొనౌన్లు హైస్కూల్లో చదివినవే, గడిచిపోయాయి. ఎ, యాన్ కూడా తేలికే. రాసే అక్షరం కాదు, పలికే శబ్దం చూడాలి: ఎ యూనివర్సిటీ, యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే. ‘డిడ్’ వచ్చిందంటే వెనకాల ‘గో’నే, ‘వెంట్’ రాదు.

దెబ్బ పడింది టెన్సుల దగ్గర. సారుకి పాతికేళ్లు ఉంటాయేమో. 12 టెన్సుల చార్టు గోడకి అతికించి బట్టీ పట్టమన్నాడు. మర్నాడు నన్ను లేపి, “మీ జాబ్ గురించి ఒక సెంటెన్స్ చెప్పండి ఆంటీ” అన్నాడు. “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్” అన్నాను. దాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసి, రెండు చోట్ల ఎర్ర మార్కర్‌తో గీతలు కొట్టి, “అచ్చం మిర్చి యార్డు ఇంగ్లీషు” అన్నాడు. ఇంజినీరింగ్ పిల్లలు పగలబడి నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఎందుకు తప్పు బాబూ అంటే, “రూల్ అంతే ఆంటీ, చార్టు చూడండి” అని తర్వాతి పిల్లాణ్ని లేపాడు.

కారణం చెప్పడం చేతకానివాడికి నవ్వే హక్కెక్కడిది? నా వెనక బెంచీలో కూర్చునే ఒకావిడ ఆ రోజు తర్వాత నోరే తెరవలేదు. ఫీజు మాత్రం ఆవిడదీ ముందే వసూలైంది.

విషయం తెలిసింది మా కింది వాటాలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గర. ఆయన క్యాలెండర్ కాగితం తిరగేసి ఒక అడ్డగీత గీశారు. ఎడమ కొసన చుక్క పెట్టి 2015 అని వేశారు. “ఇదమ్మా సిన్స్. మొదలైన చోటు. ఏడాది కావచ్చు, సోమవారం కావచ్చు, పొద్దున తొమ్మిది కావచ్చు.” చుక్క దగ్గర్నుంచి కుడి కొస దాకా వేలు జరిపారు. “ఈ పొడుగు ఫర్. గంటలు, నెలలు, ఏళ్లు. కుడి కొస ఇవాళ్టిని తాకుతోంది, పని ఇంకా నడుస్తోంది. అందుకని ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’.” రెండింటికీ ‘నుంచి’ అని, ‘చేస్తున్నాను’ అని సరిపెట్టుకునే మనకి ఆ గీత కనపడితే గానీ తలకెక్కదు. నిన్న, మొన్న అని చెప్పామంటే మాత్రం గీత ఇవాళ్టి దాకా రాదు. ‘ఐ హ్యావ్ సెంట్ యస్టర్డే’ తప్పు, ‘ఐ సెంట్’ చాలు.

ఆ వారమే సారు క్లాసుకొచ్చి, “టుడే వి విల్ డిస్కస్ అబౌట్ వాయిస్” అన్నాడు. నేను చెయ్యెత్తి, డిస్కస్ పక్కన అబౌట్ రాదు కదా సార్ అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. అప్పట్నుంచి నేను ‘మేడమ్’ని.

చేరాలనుకునేవాళ్లు డెమో క్లాసులోనే సిన్స్‌కీ ఫర్‌కీ తేడా అడగండి. వేలు చార్టు వైపు పోయిందా, లేచి వచ్చేయండి. మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, కట్టకండి. డబ్బు వెనక్కి రాదన్న ముక్క రసీదు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ 12 టెన్సుల్లో నా మెయిళ్లకి నాలుగైదు చాలుతున్నాయి. ‘విల్ హ్యావ్ బీన్’ అవసరం పడ్డ కంటైనర్ మా ఆఫీసు నుంచి ఇంతవరకు ఒక్కటీ కదల్లేదు.