నర్సాపురం రేవులో శబరి పిల్లలు

"చింతూరు వైపు నుంచి పిల్లలొస్తున్నారు, సముద్రం చూపించాలి, నువ్వూ రా" అని నర్సాపురంలో ఉండే స్నేహితురాలు ఫోన్ చేస్తే ఏప్రిల్ రెండో వారంలో బయల్దేరాను. భీమవరం నుంచి పాలకొల్లు దాకా రైలు కిటికీలోంచి ఎటు చూసినా దాళ్వా వరి కోతలే.

వచ్చినవాళ్లు ఇరవై ఇద్దరు, అందరూ గుత్తికోయల పిల్లలు. వాళ్ల పెద్దవాళ్లది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవి. 2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక అక్కడ ఊళ్లకు ఊళ్లే తగలబడ్డాయి. మావోయిస్టులు కొన్ని బడులు పేల్చేశారు. మరికొన్నిట్లో పోలీసు బలగాలు మకాం పెట్టాయి. బడులు ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది, కానీ అప్పటికే ఎన్నో కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని రాష్ట్రం దాటి వచ్చేశాయి. ఇక్కడ వాళ్లని ఎస్టీలుగా లెక్కించరు. చాలామంది చేతిలో సరైన కాగితాలు ఉండవు. తాము చేయని యుద్ధానికి పిల్లలు చదువు పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వీళ్ల కోసం హాస్టల్ నడిపే క్రైస్తవ సిస్టర్లు ఇద్దరూ కూడా వచ్చారు. పెద్దావిడ చెప్పింది: "మొదటి ఏడాది కోయలోనే చెప్తామండి. కోయ కుర్రాడే మాస్టారు. నేరుగా తెలుగు పుస్తకం ఇస్తే పిల్ల వారం తిరక్కుండా అడవిలోకి పారిపోద్ది." మతం గురించి సూటిగానే అడిగాను. "ప్రార్థనకి రాని పిల్లని పిలవం. విత్తనాల పండక్కి అందర్నీ ఇళ్లకి పంపిస్తాం" అంది. ఆ మాట నేను నమ్మాను, పిల్లలు ఆవిడ కొంగు వదలకపోవడం చూశాను కాబట్టి.

ఆ హాస్టల్ బియ్యంలో కొంత నర్సాపురం క్రైస్తవ సంఘం స్త్రీలు పంపుతారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. వాళ్లలో చాలామంది కూలికి వెళ్లేవాళ్లు, లేసు అల్లేవాళ్లు. స్నేహితురాలి ఇంట్లో ఆ డబ్బా చూశాను. పాత పాలపొడి డబ్బా, మూతకి తుప్పు. లోపల రేషన్ బియ్యం, సన్నబియ్యం కలిసిపోయి ఉన్నాయి. "అన్నం వండితే ఒక మెతుకు ఉడికి ఒకటి పలుకవుద్ది, అందుకే జావ కాస్తాం, వీళ్లకి అదే ఇష్టం" అంది సిస్టర్.

ఈ ఊరికి మిషనరీల చదువు కొత్తేం కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ దంపతులు ఈ డెల్టాలోనే స్థిరపడ్డారు. లేసు అల్లిక కూడా ఆ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిందే. స్నేహితురాలి జేజమ్మ అక్షరాలు దిద్దింది మిషన్ బడిలోనే. ఇంట్లో మొదటి సంతకం ఆవిడదట.

పొద్దున్నే రేవు దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళ్లాం. మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, మధ్యలో పిల్లలు. తొమ్మిదేళ్ల పిల్ల రెయిలింగ్ పట్టుకుని గోదారి పాయ వశిష్ఠని చూస్తూ "ఏరు" అంది. కోయలో ఏరంటే నీళ్లు. కూనవరం దగ్గర మీ శబరి వచ్చి గోదారిలో కలుస్తుంది, అదే ఇలా వస్తుంది అని చెప్పాను. కోయ మాస్టారు దాన్ని కోయలో చెప్పాడు. ఆ పిల్ల చాలాసేపు నీళ్లకేసి చూసి, మా ఊరి నీళ్లు ఇంత పెద్దవయ్యాయా అని అడిగిందట. అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు మీద, నది సముద్రంలో కలిసేచోట, అందరికంటే ముందు నీళ్లలోకి పరిగెత్తింది కూడా ఆ పిల్లే.

సాయంత్రం తిరిగి పంటు దిగేసరికి రేవులో బస్సు పక్కన రెండు బియ్యం బస్తాలు ఉన్నాయి, మూతులు కుట్టేసి. స్నేహితురాలి అమ్మ ఆయాసపడుతూ వచ్చి ఒకదాని కుట్టు విప్పించింది. కొంగులో మూట కట్టి తెచ్చిన గుప్పెడు బియ్యం అందులో పోసింది.

"ఇవాళ పొద్దుటివి మర్చిపోయానమ్మా" అంది సిస్టర్‌తో.