బెంచీకి ఎడమ చివర కూర్చునే అమ్మాయితో 20 నిమిషాలు

మా మేడమ్ ఒక పని పెట్టారు. ఇద్దరిద్దరు కూర్చుని 20 నిమిషాలు ఒకరినొకరు సరదాగా ఇంటర్వ్యూ చేసుకోవాలి, తర్వాత ఎవరి గురించి వాళ్లు కాకుండా పక్కవాళ్ల గురించి క్లాసుకి రెండు నిమిషాలు చెప్పాలి. బయోడేటా చదివినట్టు ఉంటే ఒప్పుకోనన్నారు.

నాకు జంటగా వచ్చింది రోజూ బెంచీకి ఎడమ చివర కూర్చునే అమ్మాయి. క్లాసులు మొదలై రెండు వారాలైనా మా మధ్య పెద్దగా మాటల్లేవు. ఎప్పుడు చూసినా ఆ మూలే, ఎవరైనా ముందే అక్కడ కూర్చుంటే వెనక బెంచీకి వెళ్లి మళ్లీ ఎడమ చివరే చూసుకునేది. ఎవరితోనూ కలవడం ఇష్టం లేదేమో అనుకున్నాను.

ముందు రోజు రాత్రి టెన్షన్‌తో ప్రశ్నల కోసం ఇంటర్నెట్ అంతా వెతికాను. ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టు తన బృందంతో కలిసి 1997లో ప్రచురించిన 36 ప్రశ్నలు దొరికాయి. పరిచయం లేని ఇద్దరు తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి మెల్లగా లోతుకు వెళ్తూ దాదాపు 45 నిమిషాలు మాట్లాడుకునేలా వాటిని మూడు భాగాలుగా పేర్చారు. చివరి భాగంలో, ఇంకొకరి ముందు ఆఖరిసారి ఎప్పుడు ఏడ్చావు లాంటివి కూడా ఉన్నాయి. మొదటి రోజే అలాంటివి అడగడం నాకు మర్యాద అనిపించలేదు. అందుకే వాటిని పక్కన పెట్టి, అడిగిన ప్రతిదానికీ ఇద్దరూ జవాబు చెప్పడం అనే పద్ధతి ఒక్కటే తీసుకుని, నా సొంత ప్రశ్నలు 15 రాసుకున్నాను.

మొదటి ఆరు ప్రశ్నలు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. "మీకు ఇష్టమైన రంగు?" "నీలం." "ఖాళీ టైంలో ఏం చేస్తారు?" "నిద్రపోతాను." నా జవాబులూ అంత పొడిపొడిగానే ఉన్నాయి, ఎందుకంటే ప్రశ్నలే ఒక్క ముక్కలో తేలిపోయే రకం. అది అడుగుతున్నప్పుడు గానీ తెలియలేదు.

ఏడోది చదవబోతూ తన చెయ్యి చూశాను. ఎడమ అరచేతి అంచున, చిటికెన వేలు కింది నుంచి మణికట్టు దాకా నీలం ఇంకు మరక. కాగితం మీద అప్పుడే రాసిన అక్షరాలు కూడా కొంచెం అలుక్కుపోయి ఉన్నాయి. కాగితంలో లేని ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది: "ఆ మరక రోజూ అవుతుందా?"

తను నవ్వేసింది. "పుర్రచెయ్యి కదా, రాసినదాని మీదుగానే చెయ్యి వెళ్తుంది. జెల్ పెన్ అయితే ఇంకా ఘోరం." మరి ఏ పెన్ వాడతావు, స్కూల్లో ఎవరైనా మార్చుకోమన్నారా, కత్తెర ఎలా పట్టుకుంటావు అని అడుగుతూ పోయాను, ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. పదిమందిలో దాదాపు ఒకరు ఎడమచేతి వాటం వాళ్లే అయినా, కుర్చీకి అతికించిన రాత పలక మాత్రం ఎప్పుడూ కుడివైపే ఉంటుందని, పరీక్షల్లో ఒళ్లు మెలితిప్పి రాయాల్సి వస్తుందని చెప్పింది.

"అందుకే నాకు ఎడమ చివర కావాలి. వేరేచోట కూర్చుంటే నా మోచెయ్యి పక్కవాళ్ల మోచేతికి తగులుతుంది, వాళ్ల రాత పాడవుతుందని భయం."

నాకు మనసంతా ఒకలా అయిపోయింది. రెండు వారాలుగా నేను పొగరు అనుకున్నది పక్కవాళ్ల రాత పాడవకూడదన్న జాగ్రత్త. ఆ మాట తనకి చెప్పేశాను. "చాలామంది అలాగే అనుకుంటారు" అంది, కోపం లేకుండా.

క్లాసు ముందు మాట్లాడే ముందు ఏవి చెప్పొచ్చో ఒక్కొక్కటే అడిగాను. ఇది మాత్రం ఎవరూ మర్చిపోకూడదు. ఇంటి విషయం ఒకటి వద్దంది, కాగితం మీద దాన్ని తన ముందే కొట్టేశాను. మరక కథ, మోచేతి కథ చెప్పమంది. చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఇంకో అబ్బాయి తన ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాడు, ఆ అంచునా మరకే.

మర్నాడు నేను కావాలనే తనకి కుడిపక్కన కూర్చున్నాను. బ్యాగు పెట్టీ పెట్టకముందే, "నిన్న మీ అన్నయ్యతో గొడవ అన్నావు, టైం అయిపోయింది కదా, తర్వాత ఏమైంది?" అని అడిగింది.