పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఆటలు: పది సెకన్ల నీలి తెర దాటిన నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు దాటాక నా పాత లాప్‌టాప్‌లో విచర్ 3 ఆట నడుస్తుండగా తెర మూలన 43 అనే అంకె కనిపించింది. సెకనుకు ఎన్ని బొమ్మలు తెరమీదికి వస్తున్నాయో ఆ అంకె చెబుతుంది. అదే మూలన పద్దెనిమిది రోజులపాటు నేను చూసింది 9. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో మరచిపోకముందే రాసిపెడుతున్నాను. ఇదే చిక్కులో పడి మంచి యంత్రాన్ని తుక్కు కింద ఇచ్చేసినవారు మా ఒంగోలులోనే కొందరైనా ఉంటారని నా నమ్మకం.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు చూస్తాను, కాపురం ఒంగోలులో. 2017లో కొన్న నా లాప్‌టాప్‌లో 7వ తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 4 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా వారి జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 చూస్తే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 8వ తరానికి ముందరి ఇంటెల్ ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించని యంత్రాన్ని కేవలం ఈ కారణంతో పక్కన పెట్టడానికి నాకు మనసు రాలేదు. నెల్లూరులో ఇంజనీరింగు చదువుతున్న మా బామ్మర్ది, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోమన్నాడు. "ఆటలో?" అని అడిగితే, "ఇప్పుడు చాలావరకు ఆడుతున్నాయి బావా, వేసి చూడు" అన్నాడు.

మింట్ 22.2ను పెన్‌డ్రైవులో పెట్టి ఎక్కించడానికి అరగంట కూడా పట్టలేదు. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ అన్నీ వాటంతటవే పనిచేశాయి. మధ్యలో పాటలు, వీడియోలు ఆడించే మల్టీమీడియా కోడెక్‌ల గడికి టిక్కు పెట్టినప్పుడు, సెక్యూర్ బూట్ (యంత్రం మొదలయ్యేటప్పుడు కాపలా కాసే ఏర్పాటు) కోసమంటూ ఒక పాస్‌వర్డు పెట్టుకోమంది, పెట్టాను. తరువాత డ్రైవర్ మేనేజరులో, గ్రాఫిక్స్ కార్డును నడిపే ఎన్విడియా వారి డ్రైవరును ఎంచుకున్నాను. ఆటలు కొనుక్కుని దింపుకునే వాల్వ్ వారి స్టీమ్‌ను కూడా మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజరు నుంచే తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. లైనక్స్‌లో ఆడే ఆటలు రెండు రకాలు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2, ఫ్యాక్టోరియో వంటి వాటిని తయారుచేసినవారే లైనక్స్‌కు విడిగా కట్టి ఇచ్చారు. మిగిలినవి విండోస్ కోసం రాసినవి. వాటికి ప్రోటాన్ కావాలి. 1993లో మొదలైన వైన్ అనే పాత ప్రాజెక్టు మీద వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో తెచ్చిన పరికరం ఇది. ఆట "ఈ ఫైలు తెరువు, ఈ కిటికీ గీయి" అని విండోస్‌ను అడిగే ప్రతి మాటనూ అది లైనక్స్‌కు అర్థమయ్యే మాటగా మార్చి అందిస్తుంది. బొమ్మలు గీసే డైరెక్ట్ 3డీ ఆదేశాలను డీఎక్స్‌వీకే అనే భాగం లైనక్స్‌లో పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారుస్తుంది. 2022లో వాల్వ్ వారు స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని లైనక్స్ మీదనే అమ్మకానికి పెట్టారు కాబట్టి, ప్రోటాన్ బాగుండడం వారికి వ్యాపార అవసరమైపోయింది. మనకు కలిసివచ్చింది అక్కడే.

నా మొదటి తప్పు డీ డ్రైవుతో జరిగింది. పాత ఆటలన్నీ అక్కడే ఉన్నాయి కదా, మళ్లీ దింపుకోవడం ఎందుకని స్టీమ్‌కు ఆ డ్రైవునే చూపించాను. ఆట మొదలుపెట్టే బొత్తాం ఒక్క క్షణం మారి మళ్లీ మొదటికి వచ్చేది, ఏ సందేశమూ లేదు. ఆ డ్రైవు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉంది. ప్రోటాన్ ప్రతి ఆటకూ తయారుచేసుకునే సంచిలో (ఫోల్డరులో) కోలన్ గుర్తున్న పేర్లు ఉంటాయి, విండోస్ పద్ధతి డ్రైవుకు అవి గిట్టవు. లైనక్స్ విభజనలోకి ఆటను మార్చగానే ఆ చిక్కు తీరింది. ఒక సాయంత్రం పోయింది, అంతే.

అసలు అవమానం ఆ తరువాతే మొదలైంది. సూపర్ టక్స్ కార్ట్, బ్యాటిల్ ఫర్ వెస్నోత్ వంటి తేలిక ఆటలు చక్కగా ఆడాయి కాబట్టి నాకు అనుమానం రాలేదు. యూరో ట్రక్‌లో లారీ మలుపు తిరిగేసరికి తెర ఆగి ఆగి కదిలింది. విచర్ 3 తెరిస్తే 9. గ్రాఫిక్స్ కార్డు సంగతి చెప్పే కమాండ్ ఇస్తే, ఎన్విడియా డ్రైవరుతో మాట్లాడలేకపోయానని జవాబు వచ్చింది. డ్రైవరు తీసి మళ్లీ వేశాను. అది మళ్లీ పాస్‌వర్డు పెట్టుకోమంది. రీస్టార్ట్ చేయగానే నీలిరంగు తెర వచ్చింది: ఎమ్‌ఓకే (యంత్రం యజమాని తాళంచెవి) నిర్వహణ కోసం ఏదైనా కీ నొక్కండి, పది సెకన్లు. కీ నొక్కితే నాలుగైదు వరుసల జాబితా వచ్చింది. ఏది నొక్కితే ఏమవుతుందోనన్న భయంతో పైన ఉన్న "కంటిన్యూ బూట్" ఎంచుకున్నాను. అలా చేస్తే మన విన్నపం రద్దైపోతుందని ఆ తెర మీద ఎక్కడా రాసి లేదు. మొట్టమొదట మింట్ ఎక్కించిన రోజున నేను రీస్టార్ట్ నొక్కి భోజనానికి లేచిపోయినప్పుడు కూడా ఇదే తెర వచ్చి పోయి ఉంటుంది.

ఆ ఆదివారం లాప్‌టాప్‌ను పట్టుకుని ఊళ్లో ఒక రిపేరు షాపుకు వెళ్లాను. షాపు పేరు రాయను. ఆయన ఆన్ చేసి, మింట్ తెర చూడగానే మొహం చిట్లించాడు. "లైనక్స్‌లో ఆటలా? ఇది సర్వర్లకు వాడేది సార్. ఊరికే వచ్చేదాంట్లో ఆటలాడాలంటే ఎట్టా?" అని గట్టిగానే అన్నాడు. కౌంటరు దగ్గర ఉన్న నలుగురూ నావైపు తిరిగారు, అందులో మా యూనిట్లో పనిచేసే కుర్రవాడు కూడా ఉన్నాడు. యంత్రాన్ని లోపలికి తీసుకెళ్లి పావుగంటలో తిరిగివచ్చి, గ్రాఫిక్స్ చిప్పు కాలిపోయిందనీ, బోర్డు మార్చాలంటే పద్నాలుగు వేలవుతుందనీ, దానికన్నా కొత్తది కొనుక్కోవడం మేలనీ చెప్పాడు. చూసినందుకు అయిదు వందలు తీసుకున్నాడు. నేను ఒక్క మాట మాట్లాడలేక ఇచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చాక వెనుక మూత చూస్తే, ఎనిమిదేళ్ల నాటి స్క్రూల మీద దుమ్ము కదలనే లేదు.

చీమకుర్తిలో మాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. నల్లరాయి పలకలో పగులు ఉందని ఎవరైనా అంటే దాని మీద నీళ్లు పోసి, తడి ఆరుతుండగా చూస్తాం. పగులుంటే అక్కడ తడి గీతలాగా నిలిచిపోతుంది. నీళ్లు పోయకుండా పలకను తోసేసిన మేస్త్రీని ఎవరూ మేస్త్రీ అనరు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి నామోషీ పడే మనిషి చేతిలో మన వస్తువు పెట్టకూడదు. ఆయన నాకు లైనక్స్ తెలియదని ఒక్క మాట అని ఉంటే, ఆయన మీద నాకు గౌరవమే ఉండేది.

ఆ రాత్రి బామ్మర్దికి ఫోను చేశాను. వాడు నవ్వలేదు. "చిప్పు కాలితే మామూలుగా కార్డు పరికరాల జాబితాలోనే కనపడదు బావా. నీకు పేరు కనపడుతోంది కదా? డ్రైవరును చేత్తో ఎక్కించి చూడు, ఏమంటదో అక్షరం వదలకుండా చదువు" అన్నాడు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ఎక్కించబోతే ఒకే వాక్యం వచ్చింది: "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్". తాళంచెవిని ఒప్పుకోలేదన్నమాట.

సంగతి ఇదీ. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు, గుర్తింపు ముద్ర లేని డ్రైవరును కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) లోపలికి రానివ్వదు. నేను వేసుకున్న ఎన్విడియా డ్రైవరు మన యంత్రంలోనే తయారై, మన యంత్రమే పుట్టించిన తాళంచెవితో ముద్ర వేసుకుంటుంది. ఆ తాళంచెవి మనదేనని యంత్రానికి చెప్పాల్సింది మనిషి, అదీ లైనక్స్ మొదలుకాకముందు, కీబోర్డు ముందు కూర్చుని. దొంగ ప్రోగ్రాము ఏదీ మన తరఫున సరే అనకుండా చేసిన ఏర్పాటు అది. ఏర్పాటు న్యాయమైనదే. కానీ పది సెకన్ల గడువు పెట్టి, ఎందుకో ఒక్క ముక్క చెప్పకుండా, జాబితాలో తప్పు వరుసను అన్నిటికన్నా పైన పెట్టడం మాత్రం న్యాయం కాదు.

ఈసారి తాళంచెవిని మళ్లీ పంపే కమాండ్ ఇచ్చి, అంకెలు మాత్రమే ఉన్న పాస్‌వర్డును కాగితం మీద రాసుకుని, కీబోర్డు మీద వేలు పెట్టుకుని రీస్టార్ట్ చేశాను. నీలి తెర రాగానే కీ నొక్కాను. రెండో వరుసలోని "ఎన్‌రోల్ ఎమ్‌ఓకే", తరువాత "కంటిన్యూ", తరువాత "యస్". పాస్‌వర్డు కొడుతుంటే చుక్క కూడా కనపడదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని ఆగకుండా మొత్తం కొట్టి ఎంటర్ నొక్కాలి. చివరగా "రీబూట్". తిరిగి వచ్చాక అదే కమాండ్ ఇస్తే జీటీఎక్స్ 1050 పేరు, దాని వేడి, వాడుకున్న మెమరీ గళ్లలో వరుసగా వచ్చాయి. పద్నాలుగు వేల బోర్డు సంగతి అక్కడితో తేలిపోయింది.

సెక్యూర్ బూట్‌నే ఆపేయమని చాలామంది చెబుతారు. దానితోనూ పని జరుగుతుంది, నేను మాత్రం ఉన్న తాళాన్ని ఉంచుకునే దారినే ఎంచుకున్నాను. ఒక్కసారి తాళంచెవి నమోదైతే, కెర్నెల్ మారినప్పుడు డ్రైవరు అదే ముద్రతో మళ్లీ తయారవుతుంది.

కార్డు పలికాక మిగిలినవి తేలికే. పనెల్‌లోని ఎన్విడియా గుర్తు మీద నొక్కి పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకున్నాను. విచర్ 3 మొదలయ్యేటప్పుడు డైరెక్ట్ ఎక్స్ 12 కాకుండా 11 ఎంచుకోవాలి. ఇంత పాత కార్డుకు 12 బరువు. స్టీమ్ మొదటిసారి వల్కన్ షేడర్లను (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములను) తయారుచేసుకునేటప్పుడు ఆలస్యమవుతుంది, దాన్ని దాటవేయకుండా ఆగితే ఆటలో కుదుపులు తగ్గుతాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌ను నేను ఏ మార్పూ చేయకుండానే ఆడుతున్నాను. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ కోసం మాత్రం లైనక్స్‌కు రాకండి. మోసాన్ని పట్టే వాటి ఏర్పాట్లు ఇక్కడ ఆడనివ్వవు. ఏపెక్స్ లెజెండ్స్ కూడా 2024లో లైనక్స్‌కు తలుపు మూసింది. నా కార్డు తరానికి ఎన్విడియా 580 వరుస డ్రైవర్లే ఆఖరివి కాబట్టి, వాటిని దాటి మార్చుకోబోను.

రాబోయే ఆదివారం మా యూనిట్ కుర్రవాడు, ఆ రోజు షాపులో నన్ను చూసినవాడే, తన అన్న పాత లాప్‌టాప్ తీసుకుని ఇంటికి వస్తానన్నాడు. అందులోనూ ఎన్విడియా కార్డే ఉందట. పాస్‌వర్డు రాసుకోవడానికి కాగితం, పెన్ను తెచ్చుకోమని చెప్పాను.