ఎండల వల్లేమో అనుకున్నా

మాది అనంతపురం. మే నెలలో ఇక్కడ నోరెండిపోతోందంటే ఎవరూ పట్టించుకోరు. నేనూ నీళ్ల చెంబు పక్కనే పెట్టుకుని నెట్టుకొచ్చా. వానలు పడ్డాక కూడా నాలుక పిడచకట్టుకుపోతుంటే షుగరేమోనని పరీక్ష చేయించా. లేదన్నారు. జొన్నరొట్టె ముక్క అంగిలికి అతుక్కుపోయేది, గుక్కెడు నీళ్లు తాగితే గానీ దిగేది కాదు. ఇష్టంగా తినే ఉగ్గాని కూడా మానేశా.

దసరా నాటికి కింది పళ్ల మొదళ్లు మూడు చోట్ల పుచ్చిపోయాయి. పళ్ల డాక్టరమ్మ చిన్న కప్పు చేతికిచ్చి, ఐదు నిమిషాలు మింగకుండా ఊరిన ఉమ్మంతా అందులో వేయమంది. ఊరికే కూర్చున్నా నిమిషానికి దాదాపు 0.3 మిల్లీలీటర్లు ఊరాలట, 0.1 కన్నా తగ్గితే లాలాజలం బాగా తగ్గినట్టేనట. నా కప్పులో నాలుగు నురగ చుక్కలున్నాయి. వాటిని చూస్తే నిజంగా భయమేసింది.

"అమ్మా, రోజూ ఏమేం మాత్రలు వేసుకుంటారు?"

సర్పి తగ్గాక నడుము చుట్టూ మిగిలిన మంటకు ఎనిమిది నెలలుగా రాత్రిపూట అమిట్రిప్టిలిన్. తుమ్ములకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమైన్. ఈ రెండోదాన్ని నేను మందుగానే లెక్కపెట్టలేదు, ఏ డాక్టరుకూ చెప్పలేదు. లాలాజల గ్రంథులకు నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ద్వారా కబురు పంపుతాయి. రెండు మాత్రలూ ఆ కబురుకే అడ్డం పడతాయి. ఉమ్మి లేకపోతే పళ్ల మీది ఆమ్లాన్ని కడిగేదీ ఉండదు, పంటికి కాల్షియం అందించేదీ ఉండదు. పైగా నోరు తడుస్తుందని నేను రోజంతా పుల్లటి చక్కెర బిళ్లలు చప్పరించా. పళ్లకు అవి ఇంకా చేటు చేశాయి.

ఆ రోజే మాత్రలన్నీ ఆపేద్దామనుకున్నా. సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పి, నరాల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన 25 మిల్లీగ్రాముల మాత్రను 10కి తగ్గించి, తుమ్ములకు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. పళ్లకు ఫిల్లింగులు, ఫ్లోరైడ్ పేస్టు, చక్కెర లేని చూయింగ్ గమ్.

కార్తీకంలో ఒక పొద్దున చింతకాయ తొక్కు నూరుతుంటే దవడల కింద చురుక్కుమని, నోట్లో నీళ్లూరాయి. పచ్చడిబండ పక్కన పెట్టి మా ఆయన్ని పిలిచి చెప్పా. రాత్రిళ్లు మాత్రం ఇంకా ఒకసారి నీళ్లకు లేస్తున్నా.