మొదటి వేటు తగిలాక

ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురే. మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, స్టీలు పళ్లెంలో మూడు పాచికలు వేసుకుని రాత్రి ఆటకి పోరాటం లెక్కలు చూడటంతోనే పొద్దు గడిచింది. రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రై పాచికలతో నడిపే కథల ఆటల్లో, కత్తి దూసినా ఎవరికీ గుండె ఝల్లుమనదెందుకు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఐదో ఎడిషన్‌లో కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) +2 ఉన్న ఐదో లెవెల్ ఫైటర్‌కి మామూలుగా 44 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ప్రాణబలం. 43 పోయినా అంతే బలంగా కొడతాడు, రాత్రి 8 గంటలు పడుకుంటే అన్నీ తిరిగొస్తాయి. అది వీరగాథల ఆట, అందులో తప్పేం లేదు. తప్పల్లా డ్యామేజ్ (దెబ్బకి పోయే పాయింట్లు) రెట్టింపు చేసి "ఇక ఇది రియలిస్టిక్" అనుకోవడంలో ఉంది. గోబ్లిన్ లాంటి చిన్న రాక్షసుడు బతికేది ఒక్క పోరాటమే. ఆటగాడి పాత్ర మాత్రం వందల దెబ్బలకి ఎదురు నిలవాలి కాబట్టి రెట్టింపు భారం పడేది దాని మీదే. పైగా చివరి పాయింట్ దాకా ఏమీ కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా కూలడమే.

నేను బల్ల మీద పెట్టుకున్నది గర్ప్స్ అనే ఇంకో రోల్ ప్లేయింగ్ ఆట, నాలుగో ఎడిషన్. బలం, ఆరోగ్యం, హిట్ పాయింట్లు అన్నీ 10 ఉన్న మామూలు మనిషి, కత్తి నైపుణ్యం 12. వేటు గురి తప్పకుండా ఉండాలంటే మూడు పాచికల మొత్తం 12 దాటకూడదు, అది 74 శాతం. ఎదుటివాడూ అంతటివాడే అయితే పారీ (కత్తితో అడ్డుకునే అంకె) 9, అడ్డుకునేది 37.5 శాతం. అంటే వేటు తగిలేది దాదాపు 46 శాతం.

దెబ్బ ఎంతో తేలాలంటే బ్రాడ్‌స్వోర్డ్ (వెడల్పు కత్తి) వేటుకి ఒక పాచిక వేసి 1 కలపాలి. అందులోంచి కవచం ఆపింది తీసేసి, మిగిలినదాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, భిన్నం వదిలెయ్యాలి. కవచం లేని ఒంటి మీద పాచిక 1 నుంచి 6 దాకా గాయాలు వరుసగా 3, 4, 6, 7, 9, 10. తోలు కవచం 2 ఆపుతుంది: 0, 1, 3, 4, 6, 7. గొలుసు కవచం 4 ఆపుతుంది: 0, 0, 0, 1, 3, 4.

ఒక్క వేటుకే 10 హిట్ పాయింట్లలో సగం దాటి పోతే, అంటే 6 ఆ పైన, పెద్ద గాయం. కవచం లేనివాడికి ఆరింట నాలుగు, తోలు తొడిగినవాడికి ఆరింట రెండు, గొలుసువాడికి అసలు లేదు. పెద్ద గాయం తగిలితే ఆరోగ్యం మీద పాచికలు వెయ్యాలి (మొత్తం ఆరోగ్యం అంకెని దాటకూడదు), 10 ఉన్నవాడికి సగానికి సగం తప్పుతుంది. తప్పితే మతిపోయి కిందపడతాడు. అప్పుడు అడ్డుకోవడంలో మతిపోయినందుకు 4, పడినందుకు 3 కోత. రెండో వేటు ఇక దాదాపు ఆపలేడు. చిన్న గాయానికైనా తర్వాతి టర్న్‌లో, పోయిన పాయింట్‌కి ఒకటి చొప్పున 4 దాకా, నైపుణ్యం తగ్గుతుంది. 12 కాస్తా 8 అయితే 74 శాతం 26కి పడిపోతుంది.

మన భాషలో వేటు వేరు, పోటు వేరు. ఇక్కడా అంతే, బల్లెం పోటుకి ఒకటిన్నర కాదు, రెండు రెట్లు.

చావు మాత్రం వెంటనే రాదు. సున్నాకి దిగాక నిలబడి ఏదైనా చెయ్యాలంటే స్పృహ కోసం పాచికలు, −10 దగ్గర ప్రాణం కోసం. బతికినా, రోజంతా విశ్రాంతి తీసుకుని ఆరోగ్యం పాచిక గెలిస్తే తిరిగొచ్చేది ఒక్క పాయింట్. 7 పోయినవాడికి సుమారు రెండు వారాలు మంచమే. ఆటగాళ్లని ఆలోచింపజేసేది ఆ రెండు వారాలే అని నా నమ్మకం.

హడావిడిలో ఎక్కువగా మర్చిపోయేవి పెద్ద గాయం పాచికలూ, ఆ కోతలూ. అందుకే ప్రతి పాత్ర షీటు పైన "6+ = ఆరోగ్యం 10" అని ఎర్ర ఇంకుతో రాశాను. శత్రువులు చచ్చేదాకా పోరాడటం ఇంకో పొరపాటు. 1981 నాటి బేసిక్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దీనికి మంచి పద్ధతి ఉంది: మొదటివాడు చచ్చినప్పుడు, సగంమంది పడిపోయినప్పుడు రెండు పాచికలు వెయ్యాలి. మొత్తం మొరేల్‌ని (శత్రువుల ధైర్యానికి ఇచ్చిన అంకె) దాటితే వెనక్కి తగ్గుతారు. మొరేల్ 7 అయితే అది 42 శాతం. గర్ప్స్‌లోకి అలాగే తెచ్చుకున్నా ఏ ఇబ్బందీ లేదు.

ఆటగాళ్లకి ఇదంతా ముందే తెలియాలి. అసలు కథకి ముందు లెక్కలోకి రాని పాత్రలతో ఒక అరగంట ఉత్తుత్తి పోరాటం పెట్టాలి: ఒక కత్తివాడు, ఎదురుగా కర్రలు పట్టుకున్న ఇద్దరు. ముగ్గురి షీట్లూ రాసిపెట్టాను, కర్రలవాళ్లకి మొరేల్ 7.