స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు, ఎయిర్‌పోర్ట్ క్యాబ్ డబ్బులేమో చూడండి

కార్డు స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ వినని కంపెనీ పేరు, పక్కన మీరు వెళ్లని ఊరి పేరు కనిపిస్తే టెన్షన్ రావడం సహజమే. కానీ వెంటనే కార్డు బ్లాక్ చేయించకండి, ముందే బుక్ చేసుకున్న ఎయిర్‌పోర్ట్ క్యాబ్ విషయంలో ఇది చాలా మామూలు. మీరు బుక్ చేసింది ఒక సైట్‌లో, కారు పంపేది అక్కడి ఆపరేటర్, డబ్బు తీసుకునేది వేరే దేశంలో రిజిస్టరైన మాతృసంస్థో పేమెంట్ కంపెనీయో కావచ్చు, స్టేట్‌మెంట్‌లో పడేది ఆ డబ్బు తీసుకున్నవాళ్ల పేరే. పైగా ఆ పేరుకి ఉండే చోటు 22-25 అక్షరాలే కాబట్టి సగంలో తెగిపోతుంది.

తేదీ కూడా తికమక పెడుతుంది. కొందరు బుక్ చేసిన రోజే తీసుకుంటారు, కొందరు ప్రయాణానికి కాస్త ముందు. విమానం లేటైతే వెయిటింగ్ చార్జీ తర్వాత విడిగా పడొచ్చు. ఒకే మొత్తం రెండుసార్లు కనిపిస్తే, ఒకటి 'పెండింగ్' అని ఉందేమో చూడండి, అది ఉత్త హోల్డ్ (డబ్బు తీసుకోకుండా తాత్కాలికంగా ఆపి ఉంచడం) అయితే కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది.

నేనైతే మెయిల్‌లో పేరుతో కాకుండా మొత్తంతో వెతకమంటాను. వేరే కరెన్సీ అయితే మారకం రేటు, బ్యాంకు ఫీజు కలిసి అంకె కొంచెం మారుతుంది, కాబట్టి దగ్గరి అంకెలూ చూడండి. ఇంట్లోవాళ్లెవరైనా అదే కార్డుతో బుక్ చేశారేమో అడగండి.

అయినా లెక్క తేలకపోతే ఇక ఆలస్యం వద్దు, బ్యాంకుకి ఫోన్ చేసి డిస్ప్యూట్ పెట్టండి, అంటే ఆ చార్జీ మీది కాదని ఫిర్యాదు చేయండి, దానికి గడువు ఉంటుంది. ఫోన్ నంబరు మాత్రం కార్డు వెనక ఉన్నదే వాడండి.